రెండు గీతలు తక్కువ

గంటస్తంభం దగ్గర మూడడుగుల కొట్టు నాది.
ఛార్జర్లు, కవర్లు, పగిలిన ఫోన్లకి అద్దాలు,
పైన కొక్కేనికి గుత్తులుగా ఇయర్‌ఫోన్లు,
పొట్లపాదుకి కాయల్లా.

పొద్దున్నే ఒక కుర్రాడు
బొబ్బిలి పాసింజరు దిగి తిన్నగా వచ్చాడు.
"అక్కా, సౌండు సాలట్లేదు. గట్టిదియ్యి."
మొన్న కొన్నదే. దాంట్లో లోపమేం లేదు.
పెట్టి చూపించమన్నాను.
కౌంటరుకి ఇవతల, చేయి చాచినంత దూరంలో నిలబడి
వాడి పాటంతా నేను విన్నాను,
చరణంతో సహా.

"నీ పాట నాకెందుకురా వినబడాలి?" అన్నాను.
నవ్వాడు.
ఆ నవ్వు నాకు తెలుసు.
మాట అందనివాళ్లు నవ్వే నవ్వు.
మా ఇంట్లో ఇరవై ఏళ్లుగా ఉంది.

మా నాన్నది నెల్లిమర్లలో జూటు మగ్గం.
కూత కూసిందంటే
సైకిలుకి కేరేజీ తగిలించుకుని పోయేవాడు.
లోపల మాటల్లేవట.
పోగు తెగితే ఒక సైగ, బీడీకి ఒక సైగ,
మేస్త్రీ వస్తున్నాడంటే ముక్కు మీద వేలు.
"సెవుల్లో ఏటైనా ఎట్టుకోండ్రా" అని
ఎవరూ అనలేదు.
అన్నా వినబడేది కాదు.

చెవి తలుపు మూసినట్టు పోదు.
చీర వెలిసినట్టు పోతుంది,
అంచులు ముందు.
పిచ్చుకలు పోయాయి మా నాన్నకి.
తర్వాత పోపులో ఆవాలు.
ఆ తర్వాత సకారం.

నా పేరు సుశీల.
స రాలి, శ రాలి
చివరికి మిగిలేది ఈల.
ఓ సాయంత్రం అమ్మ వీధిలోంచి నన్ను పిలిస్తే
"ఎవడ్రా గుంటని సూసి ఈలేస్తన్నాడు!" అని
కర్రట్టుకుని వాకిట్లోకొచ్చాడు.
నవ్వి నవ్వి చచ్చాం.
అమ్మ మాత్రం లోపలికెళ్లిపోయింది.

రాత్రుళ్లు, దీపం తీశాక,
ఆయన చెవిలో కీచురాయి.
"ఇంకా మిల్లు నడస్తంది" అనేవాడు.
లాకౌటు పడి అప్పటికి మూడేళ్లు.

పోయినేడు సిరిమానుకి
డీజే బండి మా కొట్టు ముందు ఆగింది.
షట్టరు వణికింది.
మా నాన్న గుండె మీద చెయ్యేసుకుని
"ఇనబడతందే!" అన్నాడు, వెలిగిపోతూ.
పక్కనే తల్లి చంకలో ఓ చంటిది
చెవులు మూసుకుని నోరంతా తెరిచి ఏడుస్తోంది,
ఆ ఏడుపు ఎవరికీ చేరలేదు.
తల్లి మోచెయ్యి పట్టుకుని సందులోకి లాక్కెళ్లాను.
తిట్టింది.
ఇరవై అడుగులు పోయాక
చంటిది చేతులు దించింది.

కుర్రాడి ఫోను తీసుకున్నాను.
రెండు గీతలు తగ్గించాను.
ఆగి, మూడోది కూడా.
"ఏటక్కా, ఏటీ ఇనబడట్లేదు."
"కూకో. కాసేపుంటే అదే వినబడుద్ది."

స్టూలిచ్చాను. ఊరికే ఉండలేను కదా,
"బస్సు మోత మీద గెలవాలని పెంచకు,
బస్సే గెలుస్తుంది ఎప్పుడూ.
మధ్యమధ్య తీసి జేబులో పెట్టు, చెవిని కాస్త ఊపిరి తీసుకోనీ.
పెట్టుకుని నిద్దరోకు.
ఊరు పడుకున్నాక నీ చెవిలో ఏదైనా కూసిందా,
దాచుకోకు, డాక్టరు దగ్గరికి పో."

ఇవి అమ్ముడయ్యే సరుకు కాదు.
వాడు కొత్తది కొనలేదు, నూటయాభై పోయింది నాకు.
మెట్టు దిగబోతూ ఒక చెవిలోది తీసి
అటూ ఇటూ చూశాడు.
"అక్కా, ఎదర బండి మీద అట్టు సుయ్యంటంది!"
అంతే. పోయి రెండట్లు తిన్నాడు.

రాత్రి నాన్న ఎదురుగా కూర్చుని,
నెమ్మదిగా, పెదాలు కనబడేట్టు,
ఆ మాటే చెప్పాను: "సుయ్."
పెదాల మీద స కనబడదు.
నా మొహంలోకి చాలాసేపు చూసి
అడిగాడు,
"ఉయ్యాలా? ఎవరికే?"